గల్ఫ్‌లో చదివిన నర్సింగ్‌తో మిలిటరీ కొలువు దొరుకుతుందా?

హనుమకొండ నుంచి ఒక అమ్మాయి ఎనిమిది పేజీల ఉత్తరం రాసింది. పేరు వద్దంది. ఆనవాళ్లు తీసేసి, అసలు సంగతి మాత్రం చెప్తాను.

ఆమెకు 26 ఏళ్లు. సొంతూరు జగిత్యాల వైపు. తండ్రి ఇరవై ఏళ్లకు పైగా ఎమిరేట్స్‌లో ఒక కంపెనీ గోదాం చూసుకుంటున్నాడు. ఏడో తరగతి దాకా ఊళ్లో నాయనమ్మ దగ్గర చదివి, తర్వాత తల్లితో పాటు ఆమె కూడా అక్కడికే వెళ్లింది. ఇంటర్ సీబీఎస్‌ఈలో బైపీసీ, ఆ తర్వాత అక్కడే నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్. ఫీజుల కోసం తండ్రి ఎకరం పది గుంటలు అమ్మాడు. బ్యాంకు అప్పు ఇంకా నడుస్తోంది. చదువయ్యాక అక్కడి లైసెన్సు తెచ్చుకుని ఏడాదిన్నర ఆస్పత్రిలో పనిచేసింది. నాయనమ్మ మంచాన పడటంతో పోయినేడు తల్లీబిడ్డలు తిరిగొచ్చి హనుమకొండలో కిరాయికి ఉంటున్నారు.

మిలిటరీ నర్సు కావాలన్నది ఆమె చిన్ననాటి కోరిక. మేనమామ జవాను. కాలికి దెబ్బ తగిలి సికింద్రాబాద్ మిలిటరీ హాస్పిటల్లో ఉన్నప్పుడు ఆమె చూడటానికి వెళ్లింది. భుజాల మీద రెండేసి నక్షత్రాలున్న సిస్టర్ వార్డులోకి రాగానే మామ మంచం మీద సర్దుకుని కూర్చుని ‘గుడ్ మార్నింగ్ మేడమ్’ అన్నాడట. ‘నర్సును ఇంత మర్యాదగా పలకరించడం నేను అదే మొదటిసారి చూసిన’ అని రాసింది.

తీరా మిలిటరీ నర్సింగ్ సర్వీస్ ప్రకటన చదివితే, ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ గుర్తించిన విశ్వవిద్యాలయం డిగ్రీ ఉండాలని, రాష్ట్ర కౌన్సిల్‌లో నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ (అంటే కాన్పులు చేసే మనిషిగా) రిజిస్టరై ఉండాలని ఉంది. ఆమెకు రెండూ లేవు. కరీంనగర్‌లో ఒక ఏజెంటు, వేరే రాష్ట్రంలో జీఎన్ఎం, అంటే మూడేళ్ల నర్సింగ్ డిప్లొమా చదివినట్టు సర్టిఫికెట్ పుట్టించి అక్కడి కౌన్సిల్ నుంచి తెలంగాణకు మార్పిస్తానని మూడు లక్షలు అడిగాడు. ఈలోగా ఒక ప్రైవేటు నర్సింగ్ హోమ్‌లో నెలకు పదమూడు వేలకు నైట్ డ్యూటీలు చేస్తోంది. రిజిస్ట్రేషన్ లేదు కనుక, ఆమె ఇచ్చిన ఇంజెక్షన్లకు కేస్ షీట్‌లో మరో సిస్టర్ పేరు రాయిస్తున్నారు.

తండ్రి ‘వీసా సిద్ధంగా ఉంది, వచ్చేయ్’ అంటున్నాడు. తల్లి సంబంధాలు చూస్తోంది. ‘మిలిటరీలో చేరితే పెళ్లి చేసుకోనియ్యరట’ అని ఎవరో ఆమెకు చెప్పారు. టెక్సాస్‌లో ఉన్న పిన్ని కూతురు ‘ఇక్కడి ఆర్మీలో నర్సులను తీసుకుంటారు, ఇటు రా’ అంటోంది. ఉత్తరం చివర ఈ అమ్మాయి అడిగింది ఇదీ: ‘నా డిగ్రీ మన దేశంలో చెల్లదా? నాలుగేళ్లు, నాన్న భూమి అన్నీ పోయినట్టేనా?’

బిడ్డా,

నేను నర్సింగ్ పాఠాలు చెప్పిన పిల్లల వయసే నీది. ‘మీరు’ అంటే దూరంగా ఉంటుంది, నువ్వు అనే అంటాను. ఉత్తరం రెండుసార్లు చదివాను. డిగ్రీ, ఆర్మీ, నాన్న, పెళ్లి అన్నీ ఒకే దారానికి గుచ్చి ‘ఏం చేయను’ అని అడిగావు. ఒక్కొక్కటే విడదీసి చూద్దాం.

నువ్వు దాదాపు పట్టించుకోకుండా రాసిన ఒక్క వాక్యం దగ్గర మాత్రం నాకు చేయి ఆగిపోయింది. మరో సిస్టర్ పేరు మీద ఇంజెక్షన్లు ఇస్తున్నానన్నావే, అది. మిగతా అన్నిటికీ నీకు రెండు మూడు దారులు చూపిస్తాను, దీనికి మాత్రం చూపించను. రేపు డ్యూటీకి వెళ్లినప్పుడే ఆ పని ఆపు. ఒక రాత్రి ఏ పేషెంటుకో మందు పడక ప్రాణం మీదికొస్తే, కేస్ షీట్‌లో పేరున్న సిస్టర్ తను ఇవ్వలేదంటుంది, యాజమాన్యం నువ్వెవరో తెలియదంటుంది. రిజిస్ట్రేషన్ లేకుండా సూది పట్టినందుకు కేసు నీ మీదికే వస్తుంది. ఆ ఒక్క కేసు ఉంటే ఆర్మీ సంగతి దేవుడెరుగు, ఏ కౌన్సిలూ నిన్ను దగ్గరికి రానివ్వదు. డబ్బు అవసరమని రాశావు, నాకు అర్థమైంది. ఫ్రంట్ ఆఫీసు, ఇన్సూరెన్సు డెస్క్, మెడికల్ రికార్డుల పని చేస్తానని అడుగు. ఇంగ్లిష్, హిందీ, కొంత అరబ్బీ వచ్చిన పిల్లవు, పదమూడు వేలు ఎక్కడైనా వస్తాయి. ఇవ్వనంటే మానేయ్.

ఇక డిగ్రీ. ‘చెల్లదు’ అన్న మాట నీకు ఎవరు చెప్పారో కానీ, అది సరైన మాట కాదు. మన వరంగల్ ఎంజీఎం ఆస్పత్రి వార్డుల్లో పని నేర్చుకున్న పిల్ల దుబాయ్ పోతే ఏమవుతుంది? డేటాఫ్లో వాళ్లు కాగితాలన్నీ తిరగేస్తారు, ప్రోమెట్రిక్ పరీక్ష రాయమంటారు. అంతమాత్రాన ఆ పిల్ల చదువు చెల్లలేదని ఎవరూ అనరు. ఏ దేశమైనా తన పేషెంటు చేయి పట్టుకునే మనిషిని తన కొలతతో కొలుచుకుంటుంది. నువ్వు అదే గడప దగ్గర అవతలి నుంచి ఇటు వస్తూ నిలబడ్డావు.

ఆ కొలిచేది ఎవరో చాలామంది పొరబడుతుంటారు. విదేశీ డిగ్రీ అనగానే భారతీయ విశ్వవిద్యాలయాల సంఘం, అంటే ఏఐయూకి దరఖాస్తు పెట్టేస్తారు. బీకామ్‌కో ఎంబీఏకో అది సరిపోయేది, 2025లో ఆ పనికి యూజీసీ కొత్త నిబంధనలు వచ్చాయి. నర్సింగ్, వైద్యం, న్యాయశాస్త్రం లాంటి వృత్తి డిగ్రీలకు ఏఐయూ తుల్యత, అంటే ఇక్కడి డిగ్రీతో సమానమన్న పత్రం ఇవ్వదు. నీది చూడాల్సింది నర్సింగ్ కౌన్సిల్. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేశారు. బోర్డుల మీద పేర్లు మారే కాలమిది, ఏ కాగితమైనా పంపే ముందు ఢిల్లీ ఆఫీసు ఆ రోజు ఏం కావాలంటోందో చూసుకుని పంపు.

ఇప్పుడు అసలు ముడి దగ్గరికి వద్దాం. ప్రకటనలో ‘నర్సుగానూ మిడ్‌వైఫ్‌గానూ’ అన్న మాట నువ్వు కూడా రాశావు, కానీ రాసి దాటేశావు. నీ కథంతా ఆ మాటలోనే ఉంది.

మన దేశంలో జీఎన్ఎం చదివినా, బీఎస్సీ చదివినా నర్సూ మిడ్‌వైఫూ ఒకే మనిషి. రిజిస్ట్రేషన్ రెండింటికీ కలిపే ఉంటుంది. చాలా దేశాల్లో అలా కాదు. అక్కడ నర్సింగ్ ఒక చదువు, మిడ్‌వైఫరీ వేరే చదువు. బీఎస్సీ నర్సింగ్‌లో మెటర్నిటీ అని ఒక పేపరు ఉంటుంది, ఆ వార్డులో కొన్ని వారాలు తిప్పుతారు, అంతే. ‘ఆరు డెలివరీలు దగ్గరుండి చూశాను, నా చేతులతో ఒక్కటీ చేయలేదు’ అని నువ్వే రాశావు. ఇక్కడ చదివిన పిల్లలను అడిగి చూడు. తమ చేతులతో చేయాల్సిన కాన్పుల లెక్క పూర్తయ్యేదాకా లేబర్ రూమ్ వదలరు. వరంగల్ సీకేఎం ఆస్పత్రిలో అర్ధరాత్రి కాన్పు వచ్చిందంటే, కేస్ బుక్ చంకన పెట్టుకుని హాస్టల్ నుంచి పరుగెత్తుకొచ్చిన పిల్లలను నేను ఏళ్ల తరబడి చూశాను. గ్లౌజు వేసుకున్న వాళ్ల చేతుల మీద నా చేతులు పెట్టి, బిడ్డ తల ఎప్పుడు ఆపాలో ఎప్పుడు వదలాలో నేర్పాను. పుస్తకంలో ఎంత చదివినా ఆ ఒత్తిడి చేతికి తెలియాల్సిందే.

మరి సైన్యానికి కాన్పులతో పనేమిటని నీకు అనిపించి ఉంటుంది. మిలిటరీ హాస్పిటల్ అంటే మీ మామ పడుకున్న సర్జికల్ వార్డు ఒక్కటే కాదు. జవాన్ల భార్యలు, పిల్లలు, ముసలి తల్లిదండ్రులు అక్కడికే వస్తారు. భర్త సరిహద్దులో ఉంటే భార్య నొప్పులు పడేది ఆ ఆస్పత్రిలోనే. అక్కడ డ్యూటీలో ఉన్న సిస్టర్ ‘నాకు కాన్పు రాదు’ అంటే ఎలా? ఆ నిబంధన నిన్ను ఆపడానికి పెట్టింది కాదు, ఆ తల్లి కోసం పెట్టింది.

కాబట్టి నువ్వు చేయాల్సిన మొదటి పని ఆర్మీ దరఖాస్తు కాదు, మీ కాలేజీకి ఉత్తరం. మార్కుల మెమో చాలదు. ఏ సబ్జెక్టు ఎన్ని గంటలు పాఠం చెప్పారు, ఎన్ని గంటలు వార్డులో తిప్పారు అని విడివిడిగా ఉండే ట్రాన్‌స్క్రిప్ట్ కావాలి. సిలబస్ ప్రతి కావాలి. అక్కడి లైసెన్సు, దాని మీద ఏ ఫిర్యాదూ లేదని లైసెన్సు ఇచ్చిన వాళ్లే రాసిన పత్రం, ఎంబసీ ముద్రలు పడిన డిగ్రీ, పని చేసిన ఆస్పత్రి అనుభవ పత్రం, నీ పన్నెండో తరగతి మెమో సిద్ధం చేసుకో. ఇవి వచ్చాక మిడ్‌వైఫరీ, కమ్యూనిటీ హెల్త్, మానసిక ఆరోగ్యం ఈ మూడింటి గంటలు మన బీఎస్సీ సిలబస్ పక్కన పెట్టి చూడు. కాళోజీ ఆరోగ్య విశ్వవిద్యాలయం మీ వరంగల్‌లోనే ఉంది, దాని కిందున్న ఏ నర్సింగ్ కాలేజీ మేడమ్‌ను అడిగినా గంట కూర్చుని పోల్చి చెప్తుంది. తేడా ఎక్కడుందో ఢిల్లీ చెప్పే దాకా ఆగకుండా నీకే ముందు తెలిసిపోతుంది.

కౌన్సిల్ చూసి ఏమనవచ్చు? సరిపోయిందంటే నేరుగా తెలంగాణ కౌన్సిల్‌కు వెళ్తావు. నీ విషయంలో అది జరుగుతుందని నేను ఆశ పెట్టను, కాన్పుల లెక్క సున్నా కదా. లోటు ఉంది, ఫలానా భాగం గుర్తింపు ఉన్న కాలేజీలో పూర్తి చేసి రమ్మని అనవచ్చు. అదే వస్తే సంతోషించు. కొన్ని నెలలు లేబర్ రూమ్‌లో నిద్ర లేకుండా గడుపుతావు, ఆ నెలలు జన్మంతా పనికొస్తాయి. లేదా అసలు కుదరదనవచ్చు. అప్పుడు ఇక్కడ నర్సు కావాలంటే మళ్లీ మొదటి నుంచి నాలుగేళ్లు చదవాలి. అది కూడా లెక్కలో పెట్టుకునే అడుగు వేయాలి. ఎంఎస్సీ చేసి పైనుంచి దూరిపోదామని ఎవరైనా చెప్తే వినకు, దానికీ ముందు రిజిస్ట్రేషనే అడుగుతారు.

ఏజెంటు గురించి నువ్వు మర్యాదగా ‘మీ అభిప్రాయం చెప్పండి’ అన్నావు. నా అభిప్రాయం ఎందుకు, నీ పాస్‌పోర్టు తెరిచి చూడు. వేరే రాష్ట్రంలో జీఎన్ఎం చదివానని అతను ఏ మూడేళ్లయితే చూపిస్తాడో, ఆ మూడేళ్లూ నువ్వు ఎమిరేట్స్‌లో ఉన్నట్టు అందులో ముద్రలున్నాయి. రిజిస్టరైన నర్సులందరినీ ఆధార్‌తో కలిపి ఎన్‌యూఐడీ నంబరు ఇస్తున్న రోజులివి. సైన్యంలో చేరే ముందు సర్టిఫికెట్లను ఇచ్చిన చోటికే పంపి అడుగుతారు, పోలీసు విచారణ ఉంటుంది. ఒకవేళ ఆ రోజు దాటిపోయినా అది దాటినట్టు కాదు. పదేళ్ల తర్వాత బయటపడితే యూనిఫాం విప్పించి కేసు పెడతారు. ఇంకో మాట. నువ్వు నిజంగా నాలుగేళ్లు కష్టపడి చదివిన పిల్లవు. ఆ నిజమైన డిగ్రీని దాచిపెట్టి, చదవని మూడేళ్లను కొనుక్కోవడానికి మీ నాన్న ఇంకో తునక భూమి అమ్మాలా?

ఇక సైన్యం. నీకు రెండు తలుపులు ఉండేవి, ఒకటి మూసుకుపోయింది. ఇంటర్ తర్వాత నీట్ రాసి పుణె ఏఎఫ్‌ఎంసీ, ముంబయి అశ్విని, కోల్‌కతా, లక్నో, ఢిల్లీ, బెంగళూరు మిలిటరీ నర్సింగ్ కాలేజీల్లో చేరే దారి పెళ్లికాని అమ్మాయిలకు 25 ఏళ్ల వరకే. చదువు అయిపోయిన వాళ్లకు ఉన్నది షార్ట్ సర్వీస్ కమిషన్. 2023 డిసెంబరులో వచ్చిన ప్రకటనలో దానికి 21 నుంచి 35 ఏళ్ల వయసు అడిగారు. కంప్యూటర్ పరీక్ష, ఇంటర్వ్యూ, వైద్య పరీక్ష ఉంటాయి. నీకు 26. కౌన్సిల్ పని రెండేళ్లు పట్టినా 28. ఒకవేళ మళ్లీ నాలుగేళ్లు చదివినా, వచ్చే ఏడు చేరితే 31కి బయటికొస్తావు. వయసు నిన్ను తరమడం లేదు. ‘ఇప్పుడు కాకపోతే ఎప్పుడూ కాదు’ అని రాశావు, ఆ భయంలోనే మనుషులు ఏజెంట్ల దగ్గరికి పోతారు.

అయితే ఆ ప్రకటన నీట్ లాగా ఏటా ఫలానా నెలలో వస్తుందని నమ్మి కూర్చునేది కాదు. ఎప్పుడు వేస్తారో, ఎన్ని ఖాళీలు వేస్తారో వాళ్ల అవసరాన్ని బట్టి ఉంటుంది. దేశం నలుమూలల నుంచి పిల్లలు రాస్తారు. అందుకే నీ జీవితాన్ని ఆ ఒక్క కొక్కానికి తగిలించవద్దు. రిజిస్ట్రేషన్ చేతికొస్తే ఆర్మీ ఒక్కటే కాదు, ఎయిమ్స్ వాళ్లు నర్సింగ్ ఆఫీసర్ పోస్టులకు పెట్టే నార్‌సెట్ పరీక్ష ఉంది (దానికి మామూలుగా 30 ఏళ్లలోపు ఉండాలి, అది గుర్తుంచుకో), రాష్ట్ర వైద్య ఆరోగ్య నియామక బోర్డు వేసే స్టాఫ్ నర్సు పోస్టులున్నాయి. మాజీ సైనికులకూ వాళ్ల కుటుంబాలకూ సేవ చేయాలన్నదే మనసులో ఉంటే మాజీ సైనికుల వైద్య పథకం ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌లలో కాంట్రాక్టు మీద తీసుకుంటారు. భుజం మీద నక్షత్రాలు ఉండవు, పేషెంట్లు మాత్రం మీ మామ లాంటి వాళ్లే.

నక్షత్రాల మాట వచ్చింది కనుక అడుగుతున్నాను. నీ ఎనిమిది పేజీల్లో ఆ రెండు నక్షత్రాలు, సెల్యూట్, ‘మేడమ్’ అన్న పిలుపు నాలుగుసార్లు వచ్చాయి. వార్డు గురించి, గాయాల గురించి ఒక్క వాక్యమే ఉంది. తప్పుపట్టడం లేదు. నర్సమ్మను చిన్నచూపు చూసే ఊళ్లలో పుట్టిన మనకు ఆ మర్యాద ఎంత ఆకలో నాకు బాగా తెలుసు. ఆ మర్యాద ఉత్తదీ కాదు. 1888లో పది మంది నర్సులు ఓడ దిగి బొంబాయిలో మొదలుపెట్టిన పని అది. 1926 అక్టోబరు 1న భారత మిలిటరీ నర్సింగ్ సర్వీసు ఏర్పడింది, 1943 ఆర్డినెన్సుతో వాళ్లు కమిషన్డ్ ఆఫీసర్లయ్యారు. 1976లో గెర్‌ట్రూడ్ ఆలిస్ రామ్ మేజర్ జనరల్ అయ్యారు. మన సైన్యంలో ఆ హోదాకు చేరిన మొదటి మహిళ ఒక నర్సే. మీ అమ్మ ‘నర్సే కదా, ఆఫీసరేంది’ అన్నప్పుడు ఇది చెప్పు.

కానీ ఆ నక్షత్రాలు పెట్టుకున్న సిస్టర్ కూడా మంచం దగ్గర చేసేది మనం చేసే పనే. డ్రెస్సింగులు, డ్రెయిన్లు, రాత్రి రెండింటికి నొప్పితో అరిచే పిల్లగాడి పక్కన నిలబడటం. పోస్టింగు శ్రీనగర్‌లోని 92 బేస్ హాస్పిటల్ కావచ్చు, లేహ్‌లోని 153 జనరల్ హాస్పిటల్ కావచ్చు. మళ్లీ రెండు మూడేళ్లకు మరో చోటు. కాలు తీసేసిన ఇరవై రెండేళ్ల కుర్రాడు మొదటిసారి దుప్పటి పక్కకు తీసి చూసుకునే సమయంలో నువ్వు అక్కడ ఉండాలి. జీతం లెఫ్టినెంట్‌గా 56,100 మూలవేతనంతో మొదలవుతుంది, దాని మీద మిలిటరీ సర్వీస్ పే 10,800, మిగతా భత్యాలు. షార్ట్ సర్వీసు మొదట 5 ఏళ్లు, పొడిగిస్తూ పోతే 14 ఏళ్లు. అక్కడితో ఆగితే పింఛను ఉండదు. 42, 43 ఏళ్లకు బయటికొచ్చి మళ్లీ ఉద్యోగం వెతుక్కోవాల్సి రావచ్చు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని, మర్యాద అన్న మాట పక్కన పెట్టి, అప్పటికీ మనసు లాగుతోందా అని చూసుకో. లాగితే వెళ్లు, నేనే సంతోషంతో పంపిస్తా.

మీ నాన్న పిలుపు విషయంలో నీ ఆలోచన ఒకచోట ఇరుక్కుంది. గల్ఫ్‌కు తిరిగి పోవడమంటే ఆర్మీని వదిలేయడమే అనుకుంటున్నావు. నాకు అలా కనపడటం లేదు. గంటల లెక్కతో ట్రాన్‌స్క్రిప్ట్ ఇవ్వాల్సిన కాలేజీ అక్కడుంది. లైసెన్సు పత్రం ఇచ్చేవాళ్లు అక్కడున్నారు. ఇక్కడి నుంచి మెయిళ్లు పెడితే ఆరు నెలలు తిప్పుతారు, అక్కడ కౌంటర్ ముందు నిలబడితే వారాల్లో పని అవుతుంది. ఆ దేశంలో నీ డిగ్రీకి పూర్తి విలువ ఉంది, నీ పేరు మీద నువ్వు ఇంజెక్షన్ ఇవ్వొచ్చు. రెండేళ్లు చేస్తే బ్యాంకు అప్పు సగమైనా దిగుతుంది, అనుభవమూ లెక్కకొస్తుంది. నష్టం కూడా చెప్తాను. కౌన్సిల్ లోటు పూర్తి చేయమంటే దానికి మాత్రం మనిషి ఇక్కడ ఉండాలి. జీతానికి అలవాటు పడ్డాక అది వదిలి లేబర్ రూమ్ విద్యార్థిగా మళ్లీ నిలబడటం అనుకున్నంత తేలిక కాదు. రెండేళ్లని పోయి పన్నెండేళ్లు ఉండిపోయిన వాళ్లు మీ జగిత్యాలలో ఇంటికొకరు ఉంటారు. నాయనమ్మ సంగతి కూడా నీకే తెలుసు.

ఇక్కడే ఉండి కాగితాలు నడపడం రెండో దారి. నాయనమ్మ దగ్గర ఉంటావు, కౌన్సిల్ పిలిస్తే వెంటనే వెళ్తావు. కానీ ఆ ఏడాది, ఏడాదిన్నర నర్సుగా పని చేయలేవు, చేయి మొద్దుబారుతుంది, అప్పు భారం నాన్న ఒక్కడి మీదే పడుతుంది. నన్నడిగితే, నాయనమ్మను చూసుకోవడానికి అమ్మకు మరో తోడు దొరికేటట్టయితే మొదటి దారి వైపు నా మనసు కొంచెం మొగ్గుతోంది. దొరక్కపోతే రెండోదే. ఆ ఇంటి సంగతి తూచాల్సింది నువ్వు.

నాన్నకు ఏం చెప్పాలని అడిగావు. ‘ఆర్మీలో చేరుతా’ అంటే ఆయనకు భూమి, అప్పు గుర్తొస్తాయి. ‘నీ పైసలతో చదివిన డిగ్రీని మన దేశంలో కూడా నిలబెట్టుకుంటా, దానికి ఈ కాగితాలు కావాలె, ఇంత టైమ్ పడుతది’ అని చెప్పు. ఒక తేదీ కూడా పెట్టు. పెట్టిన తేదీకి కౌన్సిల్ నుంచి జవాబు రాకపోతే ఏం చేస్తావో ఇద్దరూ ఇప్పుడే మాట్లాడుకోండి.

అమ్మ భయం ఉత్తి పుకారు కాదు, ఒకప్పుడు నిజంగానే అలా జరిగేది. పెళ్లయిందన్న కారణంతో మిలిటరీ నర్సులను తీసేసే నియమం 1977 నుంచి ఉండేది, 1995లో దాన్ని ఎత్తేశారు. ఆ నియమం కింద 1988లో ఉద్యోగం పోగొట్టుకున్న లెఫ్టినెంట్ సెలీనా జాన్ దశాబ్దాల పాటు కోర్టుల చుట్టూ తిరిగారు. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆ తొలగింపు తప్పని తేల్చి 60 లక్షలు ఇవ్వమంది. అమ్మకు ఈ కథ కూర్చోబెట్టి చెప్పు. ప్రతి ప్రకటనలోనూ పెళ్లి గురించి ఒక నిబంధన రాసి ఉంటుంది. నువ్వు దరఖాస్తు పెట్టే ఏడాది అది ఏమంటోందో చదివాకే ముహూర్తాల మాట ఎత్తమను. సంబంధం వస్తే మాత్రం మొదటి రోజే చెప్పండి, పిల్ల ఉద్యోగం బదిలీలది అని. దాచి చేసిన పెళ్లి మొదటి పోస్టింగు ఆర్డరుతోనే గొడవకొస్తుంది.

టెక్సాస్ అక్క ప్రేమతోనే చెప్పింది కానీ సగమే చెప్పింది. అమెరికా సైన్యంలో నర్సులు ఆఫీసర్లు, ఆఫీసర్ కమిషన్‌కు మామూలుగా ఆ దేశ పౌరసత్వం ఉండాలి. అక్కడి లైసెన్సు కోసం ఎన్‌క్లెక్స్ రాయాలి, డిగ్రీ తూకమూ తప్పదు. అంటే ఏళ్ల తరబడి ప్రయాణం. పైగా మీ మామ లాంటి జవాన్లకు సేవ చేయాలన్న కోరికకూ దానికీ సంబంధం లేదు. నీకు అమెరికాలో నర్సుగా స్థిరపడాలనే ఉంటే అది వేరే ఉత్తరం, రాయి, విడిగా మాట్లాడుకుందాం.

ముందుగా మీ కాలేజీకి మెయిల్ పెట్టు. ట్రాన్‌స్క్రిప్ట్ రాగానే మెటర్నిటీ వరుసలో పాఠం గంటలెన్ని, వార్డు గంటలెన్ని ఉన్నాయో ఆ రెండు అంకెలు నాకు రాసి పంపు. లేబర్ రూమ్‌లో నువ్వు ఎంతకాలం నిలబడాల్సి ఉంటుందో అవి చూశాక నీకు ఇంకాస్త గట్టిగా చెప్పగలుగుతాను.